ప్లాంటులో నలభైసార్లు పడ్డాను

ఉద్యోగం

ఉక్కు ఫ్యాక్టరీలో బొమ్మలు వేసే ఉద్యోగం కూడా ఒకటుంటుందని చాలామందికి తెలియదు. మా నాన్నకీ తెలియదు. ఆయన బొబ్బిలి దగ్గరి ఊరి నుంచి భిలాయ్ వచ్చి బరువులెత్తే ఖలాసీగా చేరినవాడు. నాకు ప్లాంటులో పెయింటరు ఉద్యోగం వచ్చిందని ఖుర్సీపార్‌లో మా వీధంతా తిరిగి చెప్పాడు. గేట్లకీ పైపులకీ రంగులు వేస్తాననుకుని అందరూ సంతోషించారు. నేను వేసేది బొమ్మలని తెలిశాక ఆయన కొన్నాళ్ళపాటు ఆ మాట బయట ఎత్తలేదు.

నాది సేఫ్టీ విభాగం. హెల్మెట్ పెట్టుకోండి, నడుముకి బెల్టు కట్టుకోండి, తిరిగే యంత్రంలో చెయ్యి పెట్టకండి అని రేకుల మీద బొమ్మలు వేసి షాపుల్లో తగిలించాలి. ప్లాంటులో ఒక్కొక్క విభాగాన్నీ షాపు అంటారు. కొత్తగా చేరిన రోజున ఒకాయన నేను బజారు షాపులకి బోర్డులు రాసేవాణ్ణనుకుని, తన బావమరిది కిరాణా దుకాణానికి ఒకటి రాసిపెట్టమన్నాడు. రాసిపెట్టాను కూడా.

ఈమధ్య నా స్థానంలో ఇద్దరు చేరారు. కంప్యూటరు మీద వేస్తారు. ఒక ఆదివారం రిటైరయ్యాక మేము మారిన స్మృతి నగర్ ఇంటికొచ్చి, మీ అనుభవాలు చెప్పండి అంకుల్ అన్నారు. నోటితో చెబితే మా ఆవిడ రత్నాలు వంటింట్లోంచి సరిదిద్దుతూ ఉంటుంది కనుక రాస్తున్నాను. ప్రమోషన్ల గురించీ, చివరి రోజున కప్పిన శాలువా గురించీ రాయను. శాలువా అందరికీ ఒకేలాంటిది ఇస్తారు.

ఈ ఉద్యోగంలో నేను ఒక సంగతిని ఇరవై ఏళ్ళకు పైగా రత్నాలుకి తెలియకుండా దాచాను. నేను నేర్చుకున్నదంతా దాని చుట్టూనే ఉంది కాబట్టి ఎక్కువగా అదే చెబుతాను.

దూబే గారి స్కేలు

నా మొదటి బాస్ దూబే గారు. చేతిలో ఎప్పుడూ అడుగు స్కేలు ఉండేది. నేను బొమ్మ పూర్తిచేసి చూపిస్తే దూరంగా నిలబడి చూడడం ఎరగరు. దగ్గరికొచ్చి హెల్మెట్ పట్టీ గడ్డం కింద బిగిసిందా, బూట్లకి ముందు ఇనుప టోపీ ఉందా అని కొలిచేవారు. మొహం ఎలా ఉన్నా ఆయనకి పట్టింపు లేదు. ఒకసారి ఒక కార్మికుడికి కన్ను కొంచెం వంకరగా వచ్చింది, దిద్దుతానంటే, కళ్ళద్దాలు పెట్టేయ్, కన్నూ కప్పబడుతుంది, నియమమూ పాటించినట్టవుతుంది అన్నారు.

విశ్వకర్మ పూజ వచ్చింది. ప్లాంటులో అది పెద్ద పండగ. ప్రతి షాపులో దేవుణ్ణి పెడతారు, ఆ ఒక్కరోజు ఇంట్లోవాళ్ళని కూడా లోపలికి రానిస్తారు. ఆడవాళ్ళూ పిల్లలూ పట్టుచీరలు, కొత్తబట్టలు కట్టుకుని, తమవాడు ఏడాదంతా ఏ యంత్రం దగ్గర నిలబడతాడో చూసి వెళతారు. రోలింగ్ మిల్లు కోసం నేను విశ్వకర్మ తెర వేశాను. వెనక కొలిమి, ముందు దేవుడు, నాలుగు చేతులు, తలమీద కిరీటం. దూబే గారు చాలాసేపు చూసి, షాపు లోపల హెల్మెట్ లేకుండా ఎవరినీ చూపించడానికి వీల్లేదన్నారు.

దేవుడండీ అన్నాను. రూలులో దేవుడికి మినహాయింపు ఎక్కడుందో చూపించమన్నారు. పూజారి దగ్గరికి వెళితే, కిరీటం తీసి పసుపు హెల్మెట్ పెడితే తను హారతి ఇవ్వనన్నాడు. రెండు రోజులు ఇద్దరి మధ్యా తిరిగాను. చివరికి దేవుణ్ణి కదపకుండా వెనక కొలిమి తుడిచేసి మా ఆఫీసు బిల్డింగూ, దాని ముందు సైకిల్ స్టాండూ వేశాను. ఆఫీసులో హెల్మెట్ అక్కర్లేదు. ఆ ఏడు విశ్వకర్మ సైకిల్ స్టాండు పక్కన కూర్చుని పూజ అందుకున్నాడు, ఇద్దరూ నన్ను మెచ్చుకున్నారు.

అప్పట్లో ఆయన్ని బాగా తిట్టుకునేవాణ్ణి. కానీ ఇప్పటికీ ఎవరైనా హెల్మెట్ పట్టీ వదులుగా పెట్టుకుంటే రోడ్డు మీద ఆపి మరీ చెబుతాను. ఆ జబ్బు ఆయన దగ్గర అంటుకున్నదే.

మూడు చేతులు

చేరిన మూడో ఏట నాకొక అనుమానం వచ్చింది. నా బొమ్మల్ని ఎవరైనా చూస్తున్నారా? పరీక్షిద్దామని ఒక బోర్డు మీద యంత్రం దగ్గర నిలబడ్డ మనిషికి మూడు చేతులు పెట్టాను. ఒకటి మీట మీద, ఒకటి నడుం మీద, మూడోది బాగుందన్నట్టు బొటనవేలు పైకెత్తి. దూబే గారు స్కేలుతో వచ్చి చూసి సంతకం పెట్టారు. మూడు చేతులకీ గ్లౌజులున్నాయి కనుక ఆయనకి తప్పేమీ కనిపించలేదు. బోర్డు నాలుగు నెలలు షాపు గుమ్మంలో వేలాడింది. రోజుకి మూడు షిఫ్టుల వాళ్ళు దాని కిందనుంచి వెళ్ళారు. ఒక్కడూ అడగలేదు.

ఐదో నెలలో నేనే బోర్డు దింపించి మూడో చెయ్యి తీసేశాను. ఆరోజు దాని పక్కన కూర్చుంటే నిజంగా ఏడుపొచ్చింది. చిన్నప్పుడు సెలవులకి విజయనగరం వెళితే, సినిమా హాలు వెనక రేకుల షెడ్డులో బ్యానర్లు రాసే పెద్దాయన దగ్గర పొద్దంతా కూర్చునేవాణ్ణి. హీరో బుగ్గకి గులాబీ రంగు వేసి, దవడ కింద పచ్చరంగు పూసేవాడు. పచ్చరంగేంటి తాతా అంటే, రోడ్డు మీద పోయేవోడు ఆగాల, రంగుదేవుంది అనేవాడు. ఆయన బ్యానర్ల ముందు రిక్షాలు ఆగేవి. నా బోర్డు ముందు మూడు షిఫ్టుల్లో ఒక్కడూ ఆగలేదు.

అప్పలరాజుని పడదోశాను

ఇందులో లోపం ఎక్కడుందో తెలుసుకోవడానికి నాకు ఇంకో ఏడాది పట్టింది. నా బొమ్మల్లో ఉన్న మనిషి ఎవరూ కాదు. ఎవరూ కాని మనిషి పడితే ఎవరికి బాధ? కాబట్టి ఈసారి నిజం మనిషిని వేద్దామనుకున్నాను. రోలింగ్ మిల్లులో క్రేన్ కింద సరుకుకి గొలుసులు కట్టే అప్పలరాజు నాకు స్నేహితుడు, మా వీధివాడు. టీ తాగుతూ ఉంటే అతని మొహం గీసుకున్నాను. ఎందుకో చెప్పలేదు.

వారం తిరిగేసరికి అప్పలరాజు షాపు గోడమీద నిచ్చెన నుంచి పడుతున్నాడు. చేతులు చాచి, నోరు తెరిచి, హెల్మెట్ ఒకవైపు ఎగిరిపోతూ. పక్కనే, బెల్టు కట్టుకుంటే పడేవాడు కాదు అని మూడు భాషల్లో రాశాను.

మర్నాడు భోజనం వేళకి బోర్డు ముందు గుంపు. అవతలి షాపులవాళ్ళు కూడా వచ్చారు. ఒకడు బెల్టు సరిచూసుకోవడం నా కళ్ళారా చూశాను. నా జీవితంలో అంత ఆనందపడ్డ రోజులు రెండో మూడో ఉంటాయి, అందులో అదొకటి.

సాయంత్రం అప్పలరాజు భార్య పైడితల్లి మా ఇంటికొచ్చింది. కొంగు నడుముకి బిగించి ఉంది.

"అన్నయ్యా, మా ఆయన మీకేటి అన్నేయం సేసేడు? రోజూ డూటీకెల్లి ఇంటికొచ్చీ మనిసిని అలా గాల్లో వొగ్గీసేరేటి? కిందకైనా దించండి, నేదంటే పైకైనా ఎక్కించండి."

బతికున్నవాడు పోయాడని పుకారు పుడితే ఆయుష్షు పెరుగుతుందంటారు కదమ్మా అన్నాను.

"అది పోయినోల్ల సంగతి. పడతన్నోడికి ఆయుస్సెలా పెరుగుద్ది?"

మర్నాడు వెళ్ళి ఆ మొహానికి గుబురు మీసం పెట్టాను. రెండు రోజులకి బొగ్గు కాల్చే కోక్ ఓవెన్ షాపు నుంచి ఒక మీసాలాయన తమ్ముణ్ణి వెంటబెట్టుకుని వచ్చి, నేనెప్పుడు పడ్డానని అడిగాడు. మీసం తీసి బట్టతల చేశాను. అకౌంట్స్ ఆఫీసులో ఒకాయనకి కోపం వచ్చింది. మనిషిని లావు చేశాను. యూనియన్ నాయకుడొకాయన వచ్చి, దీని వెనక మేనేజ్‌మెంటు హస్తం ఉందా అని మెల్లిగా వాకబు చేశాడు. అంతమంది పనిచేసే చోట ఏ మొహం వేసినా అది ఎవరో ఒకరి మొహమే అవుతుందని అప్పుడు తెలిసింది. ఇంక పడడానికి ఎవరూ ఒప్పుకోలేదు. హెల్మెట్ పెట్టుకుని నవ్వే మంచి కార్మికుడిగా ఉండడానికి మాత్రం వరసకట్టి నిలబడ్డారు.

ఇంటికొచ్చి గడ్డం గీసుకుంటూ అద్దంలో చూసుకున్నాను. పడేసినా ఎవరూ గొడవపెట్టని మొహం అక్కడ కనిపించింది.

నా మొహం

ఆ రోజు నుంచి ప్లాంటులో జరగగల ప్రమాదాలన్నీ నాకే జరిగాయి. నిచ్చెన మీద నుంచి పడ్డాను, క్రేన్ కింద నిలబడ్డాను, తడిచేత్తో స్విచ్చి ముట్టుకున్నాను, నూనెలో జారాను. లెక్కపెట్టుకుంటే ఒక్క పడడమే నలభై బోర్డులు. జనం ఆగి చూసేవాళ్ళు, ఎందుకంటే నేను ఆ పక్కనే సైకిలు మీద వెళుతూ కనిపించేవాణ్ణి. నిన్న మా షాపులో కాలిపోయారు కదా, ఈరోజు ఎలా ఉంది అని పలకరించేవాళ్ళు. కొత్తగా చేరిన ట్రైనీలు నన్ను క్యాంటీన్‌లో చూసి ప్లేటు పట్టుకుని అలాగే నిలబడిపోయేవాళ్ళు. నా పేరు సూరిబాబు అని చాలామందికి తెలియదు. గిర్నేవాలా భయ్యా, అంటే పడిపోయే అన్న, ఎవరని అడిగితే ఏ షాపులోనైనా చెబుతారు.

చిక్కల్లా రత్నాలుతోనే.

రత్నాలు తండ్రి తాపీ మేస్త్రి. ఇక్కడ కాదు, చాలా దూరంలో ఎక్కడో కట్టడం పని మీద ఉండగా పరంజా మీద నుంచి పడి చనిపోయాడు. అప్పటికి రత్నాలు ఐదో క్లాసు. మా పెళ్ళికి ముందు తను నన్ను అడిగింది ఒక్కటే, నీ పని ఎత్తుమీదా అని. బొమ్మలు వేసే పనికి ఎత్తేముంది, స్టూలంత అన్నాను. ఆ స్టూలు కూడా ఎక్కనని మాట తీసుకుంది. ఇప్పటికీ మా ఇంట్లో బల్బు పోతే తనే స్టూలెక్కి మారుస్తుంది, నేను కింద పట్టుకుని నిలబడతాను. బోర్డులు తగిలించడానికి ఖలాసీలు ఉండేవాళ్ళు. నేను మాట తప్పలేదు. కానీ అలాంటి మనిషికి, నీ మొగుడు నలభై చోట్ల గాల్లో వేలాడుతున్నాడని ఎలా చెప్పను?

మిగతా ఏడాదంతా భయం లేదు. గేటు లోపలికి ఎవరూ రారు. విశ్వకర్మ పూజ వస్తేనే నాకు గండం. వీధిలో ఆడవాళ్ళందరూ తయారవుతుంటే ఏదో ఒకటి కల్పించేవాణ్ణి. ఒక ఏడు వాన అన్నాను. ఒక ఏడు పాసులు తక్కువిచ్చారన్నాను. ఒక ఏడు గాజులు వేసుకున్నవాళ్ళని రానివ్వరన్నాను. సాయంత్రం పైడితల్లి రెండు చేతులకీ డజను గాజులతో, చేతిలో ప్రసాదంతో మా గుమ్మంలోకి వచ్చింది. రత్నాలు ఆ గాజులవైపు ఒకసారి, నావైపు ఒకసారి చూసి ప్రసాదం అందుకుంది. లోపలికి వెళ్ళొచ్చిన మా వీధివాళ్ళందరికీ సంగతి తెలుసు. అందరూ నోరు మూసుకున్నారనీ, అది నా మీద అభిమానమనీ అనుకునేవాణ్ణి.

ఎగ్జిబిషన్

ఇంటి దగ్గర నేను వేరే బొమ్మలు వేసుకునేవాణ్ణి. దగ్గరలోని నందిని అనే ఊరి గనుల్లో సున్నపురాయి దుమ్ముకి తెల్లబడ్డ చెట్లు, కరిగిన ఇనుము పారేటప్పుడు దాని వెలుగులో మొహాలు. ఆ వెలుగులో ఆఫీసరుకీ ఖలాసీకీ ఒకటే రంగు. అంతకంటే పెద్ద గురువు నాకు దొరకలేదు. రిటైరవడానికి రెండేళ్ళ ముందు టౌన్‌షిప్ గ్యాలరీలో ఇరవై బొమ్మలు పెట్టాను. ప్రారంభించడానికి వచ్చిన డ్రాయింగ్ మాస్టారు, మీ మీద ఎవరి ప్రభావం ఉందని మైకులో అడిగారు. విజయనగరం తాతదీ, దూబే గారి స్కేలుదీ అన్నాను. ఆయన తలూపి, మీ బొమ్మల్లో ఒంటరితనం ఉందన్నారు.

అంతవరకు బాగానే ఉంది. డ్యూటీ దిగిన రోలింగ్ మిల్లువాళ్ళు బూట్లతోనే పదిహేనుమంది వచ్చారు. రత్నాలు నా పక్కనే ఉంది. వాళ్ళు ఒక్కొక్క బొమ్మలోకీ తొంగిచూసి, ఏదో పోగొట్టుకున్నవాళ్ళలా మూలమూలా వెతకడం మొదలెట్టారు. గ్యాస్ విభాగం అతనొకడు, ఈ గ్యాస్ పైపు నీలం వేశారు, నీలం గాలికి కదా, గ్యాస్‌కి పసుపు అని తప్పు పట్టాడు. అది అందం కోసం అన్నాను. అందానికి వాల్వు తిప్పితే ప్రమాదం అన్నాడు. అదీ నిజమే. అంతలో ఒకడు వెతికి వెతికి విసిగి, "భయ్యా, ఇందులో మీరెక్కడ పడ్డారు?" అని హిందీలో గట్టిగా అడిగాడు.

రత్నాలు హిందీ నాకంటే బాగా మాట్లాడుతుంది. పడడమేంటి అంది. అది ఆర్టిస్టుల భాషలే అని అతని భుజం పట్టుకుని సమోసాల బల్ల దగ్గరికి నడిపించుకుపోయాను. ఇంటికి వెళ్ళే దారిలో తను సమోసాల్లో ఉప్పెక్కువైందని మాత్రం అంది. నేను గెలిచాననుకున్నాను.

చివరి పూజ

నా సర్వీసులో ఆఖరి విశ్వకర్మ పూజ. అప్పటికి నా బోర్డులు తీసేసి ఫ్లెక్సీలు పెట్టడం మొదలైంది. వాటి మీద ఎక్కడివాళ్ళో, పళ్ళు తెల్లగా ఉన్న మనుషులు. ఇద్దరు కొత్తవాళ్ళకీ ఒక మాట చెప్పాలి, కోపం తెచ్చుకోకండి. ఆ మనుషులకి ఏమైనా మన షాపులో ఎవరికీ పట్టదు. మూడు చేతులు పెట్టినా చూడరు.

ఆరోజు పొద్దున్నే రత్నాలు గంధం రంగు చీర కట్టుకుని వాకిట్లో నిలబడింది. గాజులు నిండా ఉన్నాయి. ఈ ఏడు నేను నోరు తెరిచే లోపే స్కూటర్ ఎక్కి కూర్చుంది. గేటు దాకా కొత్త అబద్ధం ఒకటి వెతుక్కుంటూ నడిపాను.

రోలింగ్ మిల్లులోకి అడుగుపెట్టగానే ఎదురుగా నా పెద్ద బోర్డు. నేను పడుతున్నాను. పండగ కదా అని మిల్లువాళ్ళు దానికి పసుపు రాసి, బొట్టు పెట్టి, నిమ్మకాయలూ మిరపకాయలూ కట్టారు. అది చాలదన్నట్టు నిలువెత్తు బంతిపూల దండ వేశారు. మొగుడి బొమ్మకి దండ చూసిన ఆడమనిషి పక్కన నిలబడడం ఎంత కష్టమో రాయలేను.

రత్నాలు చాలాసేపు చూసింది. పైనుంచి కిందకి, మళ్ళీ కిందనుంచి పైకి. అన్ని సంవత్సరాల్లో నా బొమ్మని అంతసేపు చూసినవాళ్ళు ఇంకొకరు లేరు.

"పొట్ట తగ్గించి ఏసుకున్నారు," అంది.

నీకు తెలుసా అన్నాను.

"పైడితల్లి మొదటి యేడే సెప్పింది. మీరు సెప్తారని సూసేను. తరవాత, మీరు అంత కట్టపడి అబద్దాలు ఆడతన్నారు కదా, మద్దిలో ఎందుకనీసి ఊరుకున్నాను. నాకూ రావాలని నేదు. ఇక్కడ అన్నీ ఎత్తులే కదా."

ఈలోగా మిల్లు ఫోర్‌మన్ గౌరునాయుడు ప్రసాదం పట్టుకుని వచ్చాడు. శ్రీకాకుళం మనిషి. రత్నాలు ఎవరో తెలిసి కంగారుపడి దండ తీసేయబోయాడు. ఫ్లెక్సీ వస్తుందనీ, బోర్డు దించమని ఆర్డరు వచ్చినా కుర్రాళ్ళు దించనివ్వడం లేదనీ, వాళ్ళకి అది దిష్టిబొమ్మలా అయిపోయిందనీ, తప్పయితే క్షమించమనీ గబగబా చెప్పాడు.

రత్నాలు అతని మాట మధ్యలో ఆపింది. "ఈ బొమ్మెట్టిన కాడి నుంచీ ఇక్కడ ఎవులైనా పడ్డారేటి?"

గౌరునాయుడు నిజాయితీపరుడు. "ఒక్కడమ్మా. బొమ్మే సూస్తా నడిచి మెట్టు తప్పేడు. కాలు బెనికింది."

"అంతేనా?"

"అంతేనమ్మా."

"అయితే దండ ఉంచీండి. బొమ్మా ఉంచీండి," అంది రత్నాలు. "ఈయన్నిక్కడ పడనీండి."

మిల్లు దాటి బయటికి వచ్చాం. బ్యాండు మోగుతోంది, పిల్లలు రైలు పట్టాల గుట్టల దగ్గర ఫోటోలు దిగుతున్నారు. నేను క్షమాపణ ఎలా మొదలుపెట్టాలా అని వెతుక్కుంటున్నాను. రత్నాలు పైన క్రేన్ దారి వైపు తలెత్తి చూసింది. మా పెళ్ళయ్యాక తను అంత ఎత్తుకి చూడడం నేనెప్పుడూ ఎరగను.

"మా నాన్న పన్జేసిన కాడ ఇలాటి బొమ్మ ఉండీదేటి?" అంది.

నాకు తెలియదు. కట్టడం పనుల దగ్గర ఆ రోజుల్లో బోర్డులు ఎవరు పెట్టేవాళ్ళు? ఉండి ఉండదులే అన్నాను.

రత్నాలు తల దించుకుని నాతో సమానంగా నడిచింది. స్కూటర్ దాకా వచ్చాక అంది.

"ఎవులో ఒకలు ఏసుంటే బాగున్ను."